పంటు ఆగుతుంది, బస్సు ఆగదు

గోదావరి జిల్లాల్లో బస్సుల టైములు వేసే వారికీ, రైళ్ళ టైములు వేసే వారికీ కలిపి రాస్తున్న బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. మీరు రెండు శాఖల వాళ్ళూ ఎప్పుడైనా ఒకచోట కూర్చుని మాట్లాడుకున్నారో లేదో నాకు తెలియదు. మాట్లాడుకోలేదని మాత్రం నా మోకాళ్ళు చెబుతున్నాయి. అందుకే ఇద్దరికీ ఒకటే ఉత్తరం రాస్తున్నాను.

రాజోలు దగ్గర ఒక ఊళ్ళో నాకు చిన్న ఫాన్సీ షాపు ఉందండి. గాజులు, రిబ్బన్లు, బొట్టు బిళ్ళలు, జడ క్లిప్పులు, పెళ్ళిళ్ళ సీజన్లో కాస్త రోల్డ్ గోల్డ్. సరుకు కోసం నెలకి రెండుసార్లు విజయవాడ వెళ్తాను. పదహారేళ్ళ నుంచీ ఇదే పని. ఈ డెల్టాలో ఏ బస్సు ఏ రైలుకి అందుతుందో, ఏది అందదో నాకు నోటికి వచ్చు. మా వీధిలో ఎవరు ఊరు ప్రయాణమైనా ముందు మా షాపు కొచ్చి అడుగుతారు. గాజులు కొనరు లెండి, అది వేరే సంగతి.

సంక్రాంతి సరుకుకి వెళ్ళొచ్చిన రోజు సంగతి చెబుతాను. ఏ స్టేషనో చెప్పను. చెబితే అక్కడి ఉద్యోగిని ఎవరినో పిలిచి చీవాట్లు పెట్టి ఊరుకుంటారు. తప్పు ఆయనది కాదు.

రైలు రాత్రి తొమ్మిదికి రావాలి. పన్నెండు నిమిషాలు లేటు. మా వైపు ఆఖరి బస్సు స్టేషన్ ముందు రోడ్డు మీద నుంచి తొమ్మిదింపావుకి పోతుంది. ఒక చేతిలో గాజుల డబ్బాల సంచి, ఇంకో చేతిలో ముగ్గు రంగుల మూట. గాజుల సంచితో పరిగెత్తకూడదండి, ఒక్క దెబ్బకి డజన్లు పోతాయి. బిడ్డను ఎత్తుకున్నట్టు పొట్టకి ఆనించుకుని ఫుట్‌ బ్రిడ్జి మెట్లెక్కాను. పైకి వచ్చేసరికి కింద రోడ్డు మీద బస్సు కనిపించింది. లోపల లైట్లు వెలుగుతున్నాయి, సగం సీట్లు ఖాళీ. నేను చూస్తుండగానే మలుపు తిరిగి వెళ్ళిపోయింది. నాతోపాటు దిగినవాళ్ళు ఇంకా పదిమంది దాకా మెట్ల మీదే ఉన్నారు.

బయట ఆటో అబ్బాయిని అడిగితే "నాలుగొందలండి అక్కా, తిరుగు ఖాళీగా రావాలి కదండి" అన్నాడు. అతని మాటలో అన్యాయం ఏమీ లేదు. రాత్రిపూట గోదావరి దాటి అంతదూరం ఊరికే ఎవరు వస్తారు? పక్కనే ఒక ఆవిడ పెద్ద అట్టపెట్టె మీద కూర్చుని ఉంది. పెట్టె చుట్టూ టేపు, దాని మీద తాడు, పైన మార్కర్‌తో పేరు, ఊరు, మండలం. చూడగానే తెలిసింది, మస్కట్ నుంచో కువైట్ నుంచో దిగింది. హైదరాబాద్ నుంచి రిజర్వేషన్ దొరక్క జనరల్ బోగీలో విజయవాడకి, అక్కడి నుంచి మళ్ళీ జనరల్లో ఇక్కడికి వచ్చిందట. మూడేళ్ళ తర్వాత ఇంటికి వస్తోంది. సముద్రం దాటి వచ్చిన మనిషి ఇంటికి నలభై కిలోమీటర్ల దూరంలో ఆగిపోయింది. ఆవిడ దిగాల్సిన ఊరు మా దారిలోనే ఉంది. చెరి రెండు వందలు వేసుకుని ఆటో ఎక్కాం.

ఇక నా లెక్క వినండి. ఆ రోజు పొద్దున్న మా ఊరి నుంచి స్టేషన్‌కి బస్సులో వెళ్ళాను. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం వచ్చింది కాబట్టి ఆధార్ చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ కొట్టి ఇచ్చాడు. పల్లెవెలుగు అయినా ఎక్స్‌ప్రెస్ అయినా ఆడవాళ్ళకి చెల్లుతుంది. రైలు టికెట్‌కి పోను వంద కూడా కాలేదు, రాను వంద కూడా కాలేదు. మధ్యాహ్నం భోజనం, రెండు టీలు. అంతా కలిపినా ఆటోలో నా వాటా అయిన రెండు వందలే ఆ రోజు పెద్ద ఖర్చు. ఆవిడ లేకపోతే నాలుగు వందలు. డజను గాజుల మీద నాకు మిగిలేది ఇరవై రూపాయలు. నాలుగు వందలంటే ఇరవై డజన్లు. అవి అమ్మాలంటే వారం రోజులు కౌంటర్ వెనక నిలబడాలి.

నేను చెప్పేదంతా ఇదేనండి. మాకు టికెట్ ధర బరువు కావడం లేదు. రైలుకీ బస్సుకీ మధ్య ఉన్న ఆ పావుగంట బరువవుతోంది.

మేం ఎలా తిరుగుతామో మీకు కాస్త వివరంగా చెప్పాలనిపిస్తోంది. ఆఫీసులో కాగితం మీద చూస్తే మా ప్రయాణం మూడు ముక్కలుగా కనిపిస్తుంది. ఒక ముక్క ఒకరిది, రెండోది ఇంకొకరిది, మూడోది ఎవరిదీ కాదు. మాకేమో ఇంటి గుమ్మం నుంచి ఇంటి గుమ్మం దాకా ఒకటే ప్రయాణం.

విజయవాడ నుంచి భీమవరం మీదుగా నరసాపురం, నిడదవోలు వైపు వెళ్ళే లైను మాకు ప్రాణం. గుడివాడ, భీమవరం, అక్కడి నుంచి ఒక కొమ్మ వీరవాసరం, పాలకొల్లు, నరసాపురం. ఇంకో కొమ్మ అత్తిలి, తణుకు, నిడదవోలు. ఈ లైను మీద ఇప్పుడు డబుల్ ట్రాక్ ఉంది, కరెంటు ఉంది. రాజోలు వైపు వాళ్ళం చించినాడ వంతెన దాటి పాలకొల్లులో రైలెక్కుతాం. సరుకు కొనేవాళ్ళకి రైలే ఎందుకంటే, విజయవాడ స్టేషన్లో వన్‌టౌన్ వైపు దిగితే హోల్‌సేల్ బజార్లు అక్కడే ఉంటాయి. బస్సులో వెళ్తే బస్టాండు నుంచి వన్‌టౌన్‌కి ఒక ఆటో, సరుకుతో తిరిగి రావడానికి ఇంకో ఆటో. పైగా రైల్లో సెకండ్ క్లాసు టికెట్ మీద 35 కిలోల దాకా సామాను ఉచితం. బస్సులో మూట పెడితే కండక్టర్ ఒకసారి మూట వైపు, ఒకసారి మన వైపు చూస్తాడు.

కొత్తగా వచ్చేవాళ్ళకి మా దగ్గర ఇంకో తికమక ఉంది. భీమవరంలో టౌన్ ఒక స్టేషను, జంక్షన్ ఒక స్టేషను. కాకినాడలో టౌన్ ఒకటి, పోర్టు ఒకటి. రాజమండ్రిలో రాజమండ్రి ఒకటి, గోదావరి ఒకటి. అన్ని బళ్ళూ అన్నిచోట్లా ఆగవు. మా తోటికోడలి తమ్ముడు ఒకసారి భీమవరంలో ఒక స్టేషన్లో దిగి, ఇంకో స్టేషన్ ముందు స్కూటర్ పెట్టుకుని ఎదురుచూస్తున్న బావగారితో ఫోన్లో పావుగంట పోట్లాడాడు. ఇద్దరూ "నేను భీమవరం స్టేషన్ ముందే ఉన్నాను" అంటారు, ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

హైదరాబాద్ వెళ్ళొచ్చేవాళ్ళది వేరే కథ. కాకినాడ నుంచి గౌతమి ఎక్స్‌ప్రెస్, విశాఖ నుంచి వచ్చే గోదావరి ఎక్స్‌ప్రెస్, నరసాపురం నుంచి నరసాపూర్ ఎక్స్‌ప్రెస్. ఈ మూడు పేర్లూ తెలియని ఇల్లు మా వైపు ఉండదు. రిజర్వేషన్ ఇదివరకు 120 రోజుల ముందు దొరికేది, 2024 నవంబర్ నుంచి 60 రోజులే. సంక్రాంతికి రావాలంటే నవంబర్లోనే పొద్దున్నే ఫోన్ పట్టుకుని కూర్చోవాలి. ఆ రోజు తప్పితే తత్కాల్. ఏసీకి ముందు రోజు పదింటికి, స్లీపర్‌కి పదకొండింటికి. అదీ తప్పితే ప్రైవేటు బస్సు, దాని రేటు అప్పటికి ఏ అంకె దగ్గర ఆగుతుందో దేవుడికే తెలియాలి.

అలా ఇరుక్కున్న పిల్లలకి నేను చెప్పే ఉపాయం ఒకటుంది. హైదరాబాద్ నుంచి రాజమండ్రికి టికెట్ లేదని చేతులెత్తేయకండి, విజయవాడ దాకా చూడండి. హైదరాబాద్, విజయవాడ మధ్య బస్సులు, రైళ్ళు లెక్కలేనన్ని. విజయవాడలో దిగితే రాజమండ్రి, విశాఖ వైపు పోయే బస్సుల్లో సిద్ధాంతం వంతెన దాటి రావులపాలెం మీదుగా పోయేది అడిగి ఎక్కండి. రావులపాలెం మా కోనసీమకి గుమ్మం. అక్కడ దిగితే అమలాపురం వైపు బస్సు దొరుకుతుంది. భీమవరం వైపు వాళ్ళయితే విజయవాడలో జనరల్ టికెట్ తీసుకుని ప్యాసింజర్ ఎక్కడమే. ప్యాసింజర్‌లో కనీస చార్జీ కోవిడ్ రోజుల్లో 30 రూపాయలు చేశారు, 2024లో మళ్ళీ 10కి దించారు. దించినందుకు మా పాలవాళ్ళు, చేపలవాళ్ళు, కాలేజీ పిల్లల తరపున దణ్ణాలు. అరవై దాటినవాళ్ళకి ఇచ్చే రాయితీ 2020 మార్చిలో తీసేశారు, అది మాత్రం ఇప్పటికీ తిరిగి రాలేదు. మా ఆయన ఆ మాట ప్రతి ప్రయాణంలోనూ అంటారు. ఈ ఉత్తరంలో కూడా రాయమన్నారు, రాశాను.

ఇప్పుడు అసలు సంగతి.

మీ టైంటేబుళ్ళు రెండూ పక్కపక్కన పెట్టుకుని ఒక్కసారి చూడండి. పొద్దున్న పూట గొడవ తక్కువ, బస్సులు ఎక్కువ కాబట్టి ఒకటి పోతే ఇంకోటి. సాయంత్రం ఏడు దాటాక చూడండి. విజయవాడ నుంచి, రాజమండ్రి నుంచి, కాకినాడ నుంచి జనం ఇళ్ళకి చేరే వేళ అదే. రొయ్యల ఫ్యాక్టరీల్లో షిఫ్టు దిగిన ఆడవాళ్ళు, ఆసుపత్రికి వెళ్ళి రిపోర్టుల కోసం సాయంత్రం దాకా కూర్చున్న ముసలివాళ్ళు, శనివారం హాస్టల్ నుంచి ఇంటికొచ్చే ఆడపిల్లలు. ఏడున్నర తర్వాత ఊళ్ళ వైపు బస్సులు పలచబడతాయి. సరిగ్గా అప్పుడే రైళ్ళు వస్తాయి. రైళ్ళ టైములు మారినప్పుడల్లా బస్సుల టైములు కూడా కదలాలి కదండి. మేము చూసినంతలో కదలలేదు.

నేను కొత్త బస్సు అడగడం లేదు. స్టేషన్ ముందు నుంచి పోయే ఆఖరి బస్సు, రైలు పది పదిహేను నిమిషాలు లేటయితే ఆ పది పదిహేను నిమిషాలు ఆగాలి. అంతే. రైలు ఎక్కడుందో ఇవాళ పదో తరగతి పిల్లాడు కూడా ఫోన్లో చూసి చెబుతాడు. బస్టాండులో కూర్చున్న మీ మనిషి చూడలేడా? "ఇంకా ముందు స్టేషన్లోనే ఉంది, ఎనిమిది నిమిషాలు ఆగు బాబూ" అని డ్రైవర్‌కి ఒక్క మాట చెబితే సరిపోతుంది. గంట లేటయితే ఆగమనను. డ్రైవర్‌కీ ఇల్లుంది, డ్యూటీ గంటలుంటాయి, బండి డిపోకి చేరాలి, ముందు స్టాపుల్లో నిలబడ్డవాళ్ళకీ ఇదే చలి. అవన్నీ తెలిసే అడుగుతున్నాను. మిగతా బస్సులన్నీ మీ ఇష్టం. ఆఖరి దాని గురించే నా బాధ.

ఆగడమనేది మా వైపు కొత్త విషయం కూడా కాదు. సఖినేటిపల్లి రేవుకి ఒకసారి వచ్చి చూడండి. అవతల ఒడ్డు నరసాపురం, మధ్యలో గోదావరి పాయ వశిష్ఠ. పంటు అంటే రేవు దాటించే పెద్ద పడవ, దాని మీద జనం, మోటారు సైకిళ్ళు, పాల క్యాన్లు, ఒక్కోసారి మేకలు. ఇంజను స్టార్ట్ చేసి, తాడు విప్పబోతూ ఆ అబ్బాయి ఒకసారి గట్టు వైపు చూస్తాడు. రోడ్డు మీద రాజోలు బస్సు దుమ్ము కనిపిస్తే తాడు మళ్ళీ చుట్టేస్తాడు. "బస్సు వస్తోందండి, ఒక్క నిమిషం" అంటాడు. పంటు మీద ఎక్కి ఉన్నవాళ్ళు కాస్త సణుగుతారు, మళ్ళీ వాళ్ళే జరిగి చోటిస్తారు. అతనికి ఎవరూ ఆర్డరు కాగితం ఇవ్వలేదు. బస్సు దిగినవాళ్ళే తన గిరాకీ అని అతనికి తెలుసు, అంతే. రేవుని వేలం పాటలో పాడుకున్నవాడికి ఖాళీ పంటు నష్టం కదండి. వరద రోజుల్లో, రాత్రి పొద్దుపోయాక పంటు నడవదు. అప్పుడు చించినాడ మీదుగా చుట్టు తిరిగి రావడమే.

మా అమ్మమ్మ చెప్పే కథల్లో కూడా ఇలాంటిదే ఒకటుండేది. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. కాలువలు పొలాలకి నీళ్ళు ఇవ్వడానికే కాదు, పడవలు తిరగడానికి కూడా. వాటికే లాకులు కట్టారు, అంటే నీటి మట్టం పెంచి తగ్గించి పడవల్ని దాటించే తలుపులు. ఇప్పుడు లొల్ల లాకుల దగ్గర జనం ఫొటోలు దిగుతున్నారు గానీ, అమ్మమ్మ చిన్నప్పుడు అవి మాకు జంక్షన్లు. వెనక పడవ కేక వినపడితే లాకు తలుపు మూయబోతున్నవాడు ఆగేవాడట. నిజమో, అమ్మమ్మ కలిపిందో. నేను నమ్ముతాను.

రైళ్ళ టైములు వేసేవారికి విడిగా ఒక మాట. అమలాపురానికి రైలెప్పుడని నేను అడగబోవడం లేదు, ఖంగారు పడకండి. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో రైలు వచ్చింది, యుద్ధం రోజుల్లో 1940లో పట్టాలు పీకేశారు, మళ్ళీ 2004లో వేశారు. కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నరసాపురం దాకా లైను 2000-01లో మంజూరైంది. అప్పుడు బాలయోగి గారు లోక్‌సభ స్పీకర్. ఆ లైను కబుర్లు వింటూ పెరిగిన పిల్లలకి ఇప్పుడు పెళ్ళిళ్ళయ్యాయి, వాళ్ళ పెళ్ళి గాజులు నా దగ్గరే కొన్నారు. ఆ రైలు వచ్చేదాకా పాలకొల్లు, తణుకు, రాజమండ్రి, కాకినాడ, ఇవే మా స్టేషన్లు. అంటే కోనసీమ మనిషి ఎవరు రైలెక్కినా ముందొక బస్సు, వెనకొక బస్సు తప్పదు. ఇంకో ఊళ్ళో బస్సు తప్పిపోతే నడిచి ఇంటికి పోతారు. మాకు మధ్యలో గోదావరి ఉంటుంది.

ఇంకొకటి, దీనికి పెద్దగా డబ్బు కూడా అక్కర్లేదు. ప్రతి స్టేషన్ బయట గోడ మీద తెలుగులో ఒక బోర్డు కావాలి. ఇక్కడి నుంచి ఏయే ఊళ్ళకి బస్సులు, ఎన్నింటికి, ఎక్కడ నిలబడాలి, ఆఖరిది ఎప్పుడు. బస్టాండులో రైళ్ళకి కూడా అలాంటిదే. ఇప్పుడు ఆ బోర్డు పని టీ కొట్టు అబ్బాయి చేస్తున్నాడు. పాపం ఓపిగ్గా చెబుతాడు, కానీ టీ తాగినవాళ్ళకి కాస్త ఎక్కువ ఓపిగ్గా చెబుతాడు. బోర్డు మీద రంగు వెలిసిపోతే మళ్ళీ రాయించాలి, టైము మారితే మార్చాలి. పదేళ్ళ కిందటి టైములున్న బోర్డు లేనిదానికన్నా ప్రమాదం, నమ్మి నిలబడతాం.

రాజమండ్రి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. మెయిన్ లైను మీద మాకు పెద్ద స్టేషన్ అదే. స్టేషన్ ఒకచోట, ఆర్టీసీ కాంప్లెక్స్ ఇంకోచోట. మధ్యలో ఆటో ఎక్కాల్సిందే. తెలిసినవాళ్ళు షేర్ ఆటోలో వెళ్ళిపోతారు, తెలియనివాళ్ళు మొత్తం ఆటో మాట్లాడుకుంటారు. 2027లో పుష్కరాలు వస్తున్నాయి. దేశం నలుమూలల నుంచీ జనం రైళ్ళు దిగుతారు. అప్పుడెలాగూ స్టేషన్ల దగ్గరికి బస్సులు తిప్పుతారు, మొన్న 2015లోనూ చూశాం. నేననేది, ఆ పన్నెండు రోజులకి వేసే లెక్కలోంచి కొంచెం మిగతా పన్నెండేళ్ళకి కూడా ఉంచండి.

మీకు అనుమానం ఉంటే ఒక పని చేయండి. సైరన్ కారు వద్దు, అధికారిక పర్యటన వద్దు. రెండు శాఖల నుంచి ఒక్కొక్కరు ఏదో ఒక మంగళవారం మామూలు బట్టల్లో నాతో రండి. పొద్దున్న బస్సు, జనరల్ టికెట్టు, వన్‌టౌన్‌లో బేరాలు, సాయంత్రం రైలు. జనరల్ టికెట్ కౌంటర్లో తీసుకుంటే మూడు గంటల్లోపు బయల్దేరాలి, అది మర్చిపోయి పొద్దున్నే రాను టికెట్ కూడా తీసేసుకోకండి. భోజనం నేను పెట్టిస్తాను. తిరుగు ప్రయాణంలో ఒక సంచి మీరు పట్టుకోవాలి. గాజులది కాదు, ముగ్గు రంగులదే ఇస్తాను.

వచ్చే మంగళవారం మళ్ళీ వెళ్తున్నాను. శివరాత్రి తర్వాత పెళ్ళిళ్ళున్నాయి, ఎరుపు, ఆకుపచ్చ మట్టి గాజులు బాగా కావాలి. రాత్రి అదే రైలుకి దిగుతాను.

ఇట్లు,
రాజోలు వైపు ఒక ఫాన్సీ షాపు ఆవిడ